ట్యూనర్‌ప్రో ఆర్‌టి: పాత కామారో ఇంజన్ చిప్‌ను సొంతంగా సవరించుకోవాలనుకునేవారికి ఒక సమీక్ష

1990ల తొలి సంవత్సరాల్లో వచ్చిన జనరల్ మోటర్స్ కార్లలో ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లోకి, ఇప్పటి కార్లలోలాగా కేబుల్ తగిలించి కొత్త ప్రోగ్రామ్ ఎక్కించడం సాధారణంగా కుదరదు. ఏ వేగంలో ఎంత పెట్రోలు చిమ్మాలి, స్పార్కు ఎప్పుడు పడాలి, రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడు తిరగాలి అన్న లెక్కలన్నీ ఒక చిన్న మెమరీ చిప్‌లో ఉంటాయి. వాటిని మార్చాలంటే ఆ చిప్‌ను ఊడదీసి, దానిలోని ఫైల్‌ను చదివి, సవరించి, మరో చిప్ మీద రాసి తిరిగి బిగించాలి. అమెరికాలోని మిషిగన్‌లో ఉంటూ 1991 నాటి షెవ్రోలే కామారో జెడ్28ను నా చేతులతోనే చూసుకుంటున్న నేను ఈ పనికి వాడుతున్న ట్యూనర్‌ప్రో ఆర్‌టి సాఫ్ట్‌వేర్ గురించీ, దానితో జతగా, చిప్ స్థానంలో తాత్కాలికంగా పనిచేసే ఆస్ట్రిచ్ 2.0 ఎమ్యులేటర్ అనే పరికరం గురించీ ఈ సమీక్ష రాస్తున్నాను. ఇలాంటి పాత కారు చేతిలో ఉండి, కొత్తగా ఈ అభిరుచిలోకి దిగాలనుకునే తెలుగువారికి ఇది పనికివస్తుందని నా ఆశ.

నా కారులో ఉన్నది 5.0 లీటర్ల వి8 ఇంజన్. దాని కంప్యూటర్ సర్వీస్ నంబరు 1227730. లోపలి ప్రాసెసర్ మోటరోలా 68హెచ్‌సి11 వంశానికి చెందినది. డ్యాష్‌బోర్డు కింద, పక్క సీటు వైపు ఉన్న ఈ పెట్టె మూత తీస్తే మెమ్‌క్యాల్ అనే చిన్న నీలి ముక్క కనిపిస్తుంది. దాని మీదే 27సి256 చిప్, నాకింగ్ (సిలిండర్లో పెట్రోలు మిశ్రమం అదుపు తప్పి మండడం) శబ్దాన్ని వేరుచేసే ఫిల్టరు, ప్రాసెసర్ పనిచేయకపోయినా కారు ఎలాగో ఇల్లు చేరేలా చూసే రెసిస్టర్ల జాలం ఉంటాయి. ఆ చిప్ సామర్థ్యం 32 కిలోబైట్లు. ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటోలో వందో వంతు కూడా కాదేమో! అంత చిన్న చోటులో ప్రోగ్రామునూ, పట్టికలన్నింటినీ ఇమిడ్చిన ఆనాటి ఇంజనీర్ల పొదుపు మీద నాకు అపారమైన గౌరవం ఉంది.

ఈ తరం కామారోకు చిప్ సవరణ ఎందుకు అవసరమవుతుందో చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ విలువ అర్థం కాదు. 1989 దాకా ఈ ఇంజన్లలో లోపలికి వెళ్లే గాలిని నేరుగా కొలిచే సెన్సర్ ఉండేది. 1990 నుంచి దాన్ని తీసేసి స్పీడ్ డెన్సిటీ పద్ధతికి వచ్చారు. ఈ పద్ధతిలో కంప్యూటర్ గాలిని కొలవదు. సిలిండర్లకు గాలి వెళ్లే మానిఫోల్డ్‌లోని ఒత్తిడి, గాలి ఉష్ణోగ్రత, ఇంజన్ వేగం తెలుసుకుని, వీఈ టేబుల్ అనే పట్టికలో చూసి, సిలిండరు తన పూర్తి పరిమాణంలో ఎంత శాతం గాలితో నిండి ఉంటుందో అంచనా కడుతుంది. ఆ శాతాలు కంపెనీ నుంచి వచ్చిన ఇంజన్‌కు సరిపోయేవి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ తీసి హెడర్లు (పొగ సులువుగా బయటికి పోయే విడివిడి గొట్టాలు) బిగించినా, క్యామ్ (వాల్వులను తెరిచే కడ్డీ) మార్చినా సిలిండర్లు నిండే తీరు మారుతుంది, పట్టిక మాత్రం పాత ఇంజన్ గురించే చెబుతూ ఉంటుంది. నేను హెడర్లు బిగించాక ఆ పట్టికను కొత్త ఇంజన్‌కు తగినట్టు దిద్దడమే నా ప్రధాన అవసరమైంది.

ట్యూనర్‌ప్రో రచయిత మార్క్ మాన్సర్. సాఫ్ట్‌వేర్ ఉచితం, రిజిస్టర్ చేసుకోనివారికి తెరిచినప్పుడల్లా విరాళం గురించి ఒక విన్నపం కనిపిస్తుంది. ఇంత పని చేసిపెట్టే సాధనానికి ఆ కొద్దిపాటి సొమ్ము చెల్లించడం న్యాయమని నేను నమ్ముతాను, చెల్లించాను కూడా. ఇది మూడు రకాల ఫైళ్లతో పనిచేస్తుంది. చిప్ నుంచి చదివిన ముడి సమాచారం బిన్ ఫైల్. ఆ ముడి అంకెల్లో ఏది ఏమిటో చెప్పే వివరణ ఎక్స్‌డిఎఫ్ ఫైల్. కారు నడుస్తుండగా కంప్యూటర్ పంపే సమాచారాన్ని ఎలా చదవాలో చెప్పేది ఏడిఎక్స్ ఫైల్. నిజానికి ట్యూనర్‌ప్రోకు కామారో గురించి గానీ, అసలు కార్ల గురించి గానీ సొంతంగా ఏమీ తెలియదు. తగిన ఎక్స్‌డిఎఫ్ ఉంటే ఫోర్డ్, బిఎండబ్ల్యు, ఆస్ట్రేలియాలోని హోల్డెన్ కార్ల చిప్‌లను కూడా ఇదే తెర మీద సవరించుకోవచ్చు. ఈ నిర్మాణంలోనే దాని గొప్ప బలమూ, వాడేవారికి ఎదురయ్యే అసలు చిక్కూ రెండూ ఉన్నాయి.

బలం ఏమిటంటే, ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో సాఫ్ట్‌వేర్ ఏమాత్రం దాచదు. ఉదాహరణకు కూలెంట్ ఉష్ణోగ్రతను ఈ కంప్యూటర్ ఒక బైటుగా, అంటే 0 నుంచి 255 దాకా ఉండే అంకెగా పంపుతుంది. ఆ అంకెను 0.75తో గుణించి 40 తీసేస్తే సెల్సియస్ డిగ్రీలు వస్తాయి. వీఈ పట్టికలోని బైటును 100తో గుణించి 256తో భాగిస్తే శాతం వస్తుంది. స్పార్కు పట్టికలో 90తో గుణించి 256తో భాగించాలి. అంటే స్పార్కును మనం మార్చగలిగే అతి చిన్న మెట్టు సుమారు 0.35 డిగ్రీ. ఈ సూత్రాలన్నీ ఎక్స్‌డిఎఫ్‌లో అక్షరాలా రాసి ఉంటాయి, ఏ పట్టిక మీదనైనా నొక్కి దాని చిరునామా, పరిమాణం, సూత్రం చూసుకోవచ్చు, తప్పనిపిస్తే దిద్దుకోవచ్చు. డబ్బు పెట్టి కొనే కొన్ని ప్యాకేజీలు ఈ వివరాలను తాళం వేసి ఉంచుతాయి. నేర్చుకోవాలన్న ఆసక్తితో వచ్చేవారికి ట్యూనర్‌ప్రో తెరిచి చూపించే ఈ పద్ధతి చాలా మేలు చేస్తుంది.

చిక్కు ఏమిటంటే, ఆ ఎక్స్‌డిఎఫ్‌లను రాసింది ఔత్సాహికులే. కంప్యూటర్‌లోని ప్రోగ్రాము రకాన్ని మాస్క్ అంటారు, నా కారులోనిది 8డి మాస్క్. ఈ ఒక్క మాస్క్‌కే వేర్వేరు వ్యక్తులు రాసిన వివరణ ఫైళ్లు చలామణిలో ఉన్నాయి. ఒకదానిలో ఒక పేరుతో ఉన్న అంకె మరోదానిలో ఇంకో పేరుతో ఉంటుంది. ఒకదానిలో ఉన్న పట్టిక మరోదానిలో అసలు కనిపించదు. మాస్క్ వేరైన ఎక్స్‌డిఎఫ్‌తో ఫైల్ తెరిస్తే సాఫ్ట్‌వేర్ ఏవో అంకెలు చూపిస్తూనే ఉంటుంది, వాటిని చూసి నిజమనుకుని సవరిస్తే ప్రోగ్రాములోనే ఏదో ఒక ఆదేశం చెడిపోతుంది. అందువల్ల కొత్తవారు మొదట ఏ సవరణా చేయకుండా తమ అసలు చిప్ ఫైల్‌ను తెరిచి, పట్టికలన్నీ నమ్మదగ్గ ఆకారంలో ఉన్నాయో లేదో చూడాలి. వీఈ పట్టికను త్రిమితీయ గ్రాఫ్‌గా చూస్తే ఉపరితలం నున్నగా ఎత్తుపల్లాలతో సాగాలి. ముళ్లలాంటి శిఖరాలు కనిపిస్తే వివరణ ఫైల్ ఆ చిప్‌ది కాదని దాదాపుగా తేల్చుకోవచ్చు.

రెండు బిన్ ఫైళ్లను పక్కపక్కన పెట్టి తేడాలను పట్టికల పేర్లతో సహా చూపించే సదుపాయం ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు అత్యంత ఇష్టమైనది. పాత కారుతోపాటు నా చేతికి ఒక అంగడి చిప్ కూడా వచ్చింది. ఎవరో మునుపటి యజమాని, శక్తి పెంచుతుందని చెప్పి అమ్మే రెడీమేడ్ చిప్‌ను కొని పెట్టుకున్నాడు. దాన్ని చదివి కంపెనీ ఫైల్‌తో పోల్చి చూస్తే, వీఈ పట్టికను అసలు ముట్టుకోలేదు. స్పార్కును చాలా గడుల్లో ఒకే మొత్తం ముందుకు జరిపారు, ఫ్యాన్ తిరిగే ఉష్ణోగ్రతను తగ్గించారు, పూర్తి థ్రాటిల్‌లో (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు) పెట్రోలు కాస్త ఎక్కువ పడేలా చేశారు, అంతే. ఆ మార్పులన్నీ తప్పని నేను అనను. కానీ నా ఇంజన్ ఏమిటో తెలియని మనిషి, ఎవరి ఇంజన్‌కైనా సరిపోతుందని రాసిన చిప్ అది. ఇలాంటి చిప్ మీద డబ్బు పెట్టే ముందు లోపల ఏముందో చూసుకోగలగడం ఒక్కటే చాలు, ఈ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి.

ఇక అసలు పని డేటా లాగింగ్, అంటే కారు నడుస్తుండగా కంప్యూటర్ పంపే సమాచారాన్ని నమోదు చేసుకోవడం. ఈ కంప్యూటర్ 8192 బాడ్ (సెకనుకు 8192 బిట్లు) వేగంతో, పన్నెండు పిన్నుల కనెక్టరు ద్వారా సమాచారం పంపుతుంది. అది సాధారణ సీరియల్ వేగం కాదు కాబట్టి కేబుల్‌లోని చిప్ దాన్ని అందుకోగలిగినదై ఉండాలి. అతి చవకగా దొరికే కేబుళ్లలో కొన్ని మధ్యమధ్యలో సమాచారం వదిలేస్తాయి, దాంతో నేరం సాఫ్ట్‌వేర్‌ది అనిపిస్తుంది. కేబుల్ మంచిదైతే ట్యూనర్‌ప్రో చాలా నమ్మకంగా లాగ్ చేస్తుంది. అయితే ఒక సంపూర్ణ ప్యాకెట్ సెకనుకు కొన్నిసార్లే వస్తుంది కనుక రెప్పపాటులో జరిగిపోయే విషయాలన్నీ దీనిలో దొరకవు. నాకింగ్ లెక్క మాత్రం కూడుతూ పోయే సంఖ్య కావడం అదృష్టం. రెండు ప్యాకెట్ల మధ్య జరిగిన నాకింగ్ కూడా ఆ సంఖ్య పెరుగుదలలో బయటపడుతుంది.

లాగ్‌లో ముందుగా చూడవలసినది బ్లాక్ లెర్న్ విలువ, దాన్నే బిఎల్ఎం అంటారు. ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి కంప్యూటర్ తన అంచనాను ఎంత సరిదిద్దుకోవలసి వచ్చిందో ఈ విలువ తెలుపుతుంది. 128 అంటే సవరణ ఏమీ అవసరం కాలేదని అర్థం. 140 అంటే పట్టిక చెప్పినదానికన్నా సుమారు 9 శాతం ఎక్కువ పెట్రోలు పోయవలసి వచ్చిందని, 118 అంటే దాదాపు 8 శాతం తగ్గించవలసి వచ్చిందని అర్థం. ట్యూనర్‌ప్రోలోని హిస్టరీ టేబుల్ ఈ విలువలను ఇంజన్ వేగం, మానిఫోల్డ్ ఒత్తిడుల ప్రకారం గడుల్లో సర్ది సగటు తీసి పెడుతుంది. వీఈ పట్టికలోని గడిని ఆ సగటుతో గుణించి 128తో భాగిస్తే కొత్త విలువ వస్తుంది. ఒక గడిలో 62.5 శాతం ఉండి సగటు 140 వస్తే అది 68.4 అవుతుంది. లెక్క ఇంత తేలికైనా వివేకం అవసరం. ఇంజన్ పూర్తిగా వేడెక్కి క్లోజ్డ్ లూప్‌లో (ఆక్సిజన్ సెన్సర్ మాట విని పెట్రోలు దిద్దుకునే స్థితిలో) నిలకడగా ఉన్నప్పటి రీడింగులనే తీసుకోవాలి. కొద్దిసేపే తగిలిన గడులను నమ్మకూడదు. మార్చిన గడుల పక్కనున్న గడులను కూడా చేత్తో నున్నగా సవరించాలి, లేకపోతే థ్రాటిల్ కదిలినప్పుడల్లా ఇంజన్ కుదుపుతుంది.

ఈ చోట సెన్సర్ గురించి ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ దీని గురించి హెచ్చరించదు. ఈ కారుకు ఉన్నది ఒకే ఆక్సిజన్ సెన్సర్, అది డ్రైవరు వైపు ఎగ్జాస్ట్‌లో ఉంటుంది. అంటే ఎనిమిది సిలిండర్లలో నాలుగింటి సంగతే కంప్యూటర్‌కు తెలుస్తుంది. పైగా అది తనంతట తాను వేడెక్కే సెన్సర్ కాదు, ఎగ్జాస్ట్ వేడి మీదే ఆధారపడుతుంది. హెడర్లు వేసినప్పుడు సెన్సర్ ఇంజన్‌కు దూరమై, ఐడిలింగ్‌లో (కారు ఆగి ఇంజన్ తిరుగుతున్నప్పుడు) చల్లబడి, కంప్యూటర్ ఓపెన్ లూప్‌లోకి, అంటే సెన్సర్‌ను పట్టించుకోని స్థితిలోకి జారిపోతుంది. అప్పుడు లాగ్‌లో కనిపించే 128 పట్టిక సరిగా ఉందనడానికి సాక్ష్యం కాదు. హీటరు ఉన్న మూడు వైర్ల సెన్సర్ బిగించుకుంటే ఈ బెడద తీరుతుంది. హెడరు గాస్కెట్ దగ్గర గాలి పీలుస్తున్నా సెన్సర్ అబద్ధం చెబుతుంది. అందుకే లాగింగ్ మొదలుపెట్టే ముందు ఎగ్జాస్ట్ కారుతోందేమో, వాక్యూమ్ గొట్టాలు పగిలాయేమో, పెట్రోలు ఒత్తిడి సరిగా ఉందో లేదో చూసుకోవాలి. యాంత్రిక లోపాన్ని పట్టికలో దాచిపెడితే ఆ లోపం బాగుచేసిన రోజున పట్టిక అంతా తప్పవుతుంది.

చిప్‌ను ప్రతిసారీ ఊడదీసి రాయడం ఓపికను పరీక్షించే పని. పాత 27సి256 చిప్‌ను చెరపాలంటే అతినీలలోహిత దీపం కింద పావుగంటకు పైగా ఉంచాలి. ఆస్ట్రిచ్ 2.0 ఈ శ్రమను తప్పిస్తుంది. చిప్ ఉండవలసిన సాకెట్‌లో దాని రిబ్బన్ కేబుల్ పెట్టి, మరోవైపు యుఎస్‌బి ద్వారా ల్యాప్‌టాప్‌కు కలిపితే, కంప్యూటర్ దాన్నే చిప్ అనుకుని చదువుకుంటుంది. ట్యూనర్‌ప్రోలో ఒక గడి మారిస్తే ఇంజన్ నడుస్తుండగానే ఆ మార్పు అమలవుతుంది. ఆ క్షణంలో ఇంజన్ పట్టికలోని ఏ గడిలో ఉందో తెర మీద వెలుగుతూ కనిపిస్తుంది. వీఈ పట్టిక అంటే ఏమిటో పుస్తకంలో ఎంత చదివినా, ఆ వెలుగు గడి నుంచి గడికి జరగడం చూసినప్పుడే నాకు పూర్తిగా బోధపడింది.

ఎమ్యులేటర్‌తో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. ఫైల్ మొదట్లో, అంకెలు చెడలేదని సరిచూసుకునే మొత్తం, అంటే చెక్‌సమ్ ఉంటుంది. నడుస్తుండగా అంకెలు మారిస్తే అది పొసగక, లోపాన్ని తెలిపే కోడ్ 51 వచ్చి కారు అత్యవసర స్థితిలోకి వెళ్లిపోవచ్చు. 8డి ఫైల్‌లో మాస్క్ గుర్తింపు బైటును ఏఏ (AA) అనే విలువగా మారిస్తే ఈ పరీక్ష ఆగిపోతుంది. శాశ్వతంగా చిప్ రాసేటప్పుడు మాత్రం పరీక్షను తిరిగి అమల్లోకి తేవాలి, ఎందుకంటే చెడిన చిప్‌ను పసిగట్టేది అదే. రెండవది, రిబ్బన్ కేబుల్‌ను ఇగ్నిషన్ వైర్లకు దూరంగా, నలగకుండా ఉంచాలి. మరొక ప్రయాణికుడు ల్యాప్‌టాప్ చూసుకోవాలి తప్ప, నడిపేవారు తెర వైపు చూడకూడదు. ఈ పరికరాన్ని నేను పాతదే కొన్నాను. పాతది కొనేవారు రిబ్బన్ పిన్నులు వంగాయేమో, ల్యాప్‌టాప్ దాన్ని గుర్తిస్తోందో లేదో ముందే చూసుకోవాలి.

వీఈ పట్టికతో అన్నీ సరిచేయాలని చూసేవారు ఎక్కువ. ఇంజెక్టర్లు మార్చినప్పుడు దిద్దవలసినది ఇంజెక్టర్ ప్రవాహపు అంకెనూ, బ్యాటరీ వోల్టేజీని బట్టి ఇంజెక్టరు తెరుచుకునే ఆలస్యాన్ని చెప్పే పట్టికనూ. కామారో 5.0 లీటర్ల ఇంజన్‌కు గంటకు 19 పౌండ్ల ఇంజెక్టర్లు, 5.7 లీటర్ల దానికి 22 పౌండ్లవి వచ్చేవి. పెద్దవి బిగించి వీఈని తగ్గించి సర్దుకుంటే కారు నడుస్తుంది గానీ, గాలి గురించిన కంప్యూటర్ అంచనా అబద్ధమై, దాని మీద ఆధారపడే మిగతా లెక్కలన్నీ పక్కకు పోతాయి.

స్పార్కు విషయంలో ఇంకా నెమ్మదిగా వెళ్లాలి. పెట్రోలు విషయంలో సెన్సర్ మనకు జవాబు చెబుతుంది, స్పార్కు విషయంలో నాక్ సెన్సర్ తప్ప మరో సాక్షి లేదు, అది కూడా ఆలస్యంగా చెబుతుంది. హెడర్లు ఏదైనా ఇనుముకు తగులుతుంటే ఆ శబ్దాన్నీ నాకింగ్ అనుకుంటుంది. అటువంటప్పుడు కొందరు స్పార్కును వెనక్కి తీసే విలువలను సున్నా చేసి సమస్య తీరిందంటారు; ఈ పద్ధతిని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి బాగుచేయాలి గానీ, పిస్టన్లను కాపాడే ఏకైక కాపలాను తీసేయకూడదు. ఎగ్జాస్ట్ వాయువును కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్‌ను ఆపేయడంలోనూ ఇదే ప్రమాదం ఉంది. ఎగ్జాస్ట్ వాయువు కలిసిన మిశ్రమం నెమ్మదిగా మండుతుంది కాబట్టి కంపెనీవారు ఆ స్థితిలో స్పార్కును ముందుకు జరిపారు. వాయువును ఆపి ఆ స్పార్కును అలాగే వదిలితే నాకింగ్ మొదలవుతుంది.

పూర్తి థ్రాటిల్‌లో కంపెనీ సెన్సర్ ఏమాత్రం పనికిరాదు. అది గాలి, పెట్రోళ్ల 14.7 నిష్పత్తికి అటా ఇటా అన్నది మాత్రమే చెప్పగలదు, ఎంత దూరంలో ఉందో చెప్పలేదు. 12.5, 13 మధ్య ఎక్కడున్నామో తెలియాలంటే ఆ నిష్పత్తిని అంకెల్లో చెప్పే వైడ్‌బ్యాండ్ సెన్సర్ తప్పనిసరి. ఇది లేకుండా పూర్తి థ్రాటిల్ పట్టికలను ముట్టుకోవద్దని నా సలహా.

సాఫ్ట్‌వేర్ లోపాల్లోకి వస్తే, ఇది విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. తెర పాతకాలపు తీరులో ఉంటుంది, నాలుగు పట్టికలు తెరిస్తే చిన్న ల్యాప్‌టాప్‌లో కిటికీలు ఒకదాని మీద ఒకటి పడి చిరాకు పుట్టిస్తాయి. సహాయ పత్రాలు బొత్తాల గురించి చెబుతాయి గానీ ట్యూనింగ్ నేర్పవు. ఏ అంకెను ఎందుకు మార్చాలో ఇంజన్ల గురించి చదివి తెలుసుకోవలసిందే. ఎంత అసంబద్ధమైన విలువ రాసినా ఆపదు. ఆ బాధ్యత పూర్తిగా మనదే.

చట్టం సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. అమెరికాలో క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం కాలుష్య నియంత్రణ పరికరాలు పనిచేయకుండా చేయడం నిషిద్ధం. కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు స్మాగ్ (పొగ కాలుష్యం) పరీక్ష ఉంది. నా ఫైల్‌లో ఈజీఆర్, క్యాటలిటిక్ కన్వర్టర్‌లకు సంబంధించినవేవీ నేను తొలగించలేదు. ఆంధ్ర, తెలంగాణల్లో ఉండి ఇలాంటివి చదివి ఉత్సాహపడేవారు గమనించవలసింది ఏమిటంటే, ఇప్పటి బిఎస్6 కార్ల కంప్యూటర్లు పూర్తిగా వేరు, అవి గట్టి తాళాలతో వస్తాయి, ట్యూనర్‌ప్రో వాటికి పరిష్కారం కాదు. అంతేకాక మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనాన్ని తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా మార్చడాన్ని నిషేధిస్తుంది; 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

నా కారులో క్రూజింగ్, ఐడిలింగ్ భాగాలు ఇప్పుడు 128కి చాలా దగ్గరగా నిలిచాయి. గతుకుల నడక పోయింది, సిగ్నల్ దగ్గర పెట్రోలు వాసన తగ్గింది. మిగిలింది చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యే పట్టికలు. అక్కడ ఆక్సిజన్ సెన్సర్ ఇంకా మేల్కొనదు కాబట్టి బిఎల్ఎం సాయం ఉండదు, వైడ్‌బ్యాండ్ చూసి దిద్దవలసిందే. ఒకసారి ఇంజన్ వేడెక్కితే మళ్లీ పూర్తిగా చల్లబడేదాకా రెండో ప్రయత్నం కుదరదు. రోడ్ల మీద ఉప్పు చల్లే చలికాలంలో ఈ కారును బయటికి తీయను కనుక మైనస్ డిగ్రీల గడులను కంపెనీ విలువలతోనే వదిలేసి, 5 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ మధ్య గడులను మాత్రమే ఉదయం పూట ఒక్కొక్కటిగా సవరిస్తున్నాను.